రెండూ ఒకేలా ఉన్నాయి, ఏది కొనాలి? జేబులో పెట్టుకునే మల్టీటూల్ గురించి సూటిగా

ఈరోజు ఎపిసోడ్ మల్టీటూల్ గురించి. ఒకే పిడిలో కత్తి, కత్తెర, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్ లాంటివి మడిచి పెట్టి ఉంటాయి చూశారా, అదే.

రాజాం నుంచి ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, మొదటి జీతం వచ్చింది. రోజూ జేబులో ఉండేలా ఒక మల్టీటూల్ కొందామనుకున్నా. రెండు మోడల్స్ దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. రెండూ ఒకేలాగున్నాయి. ఏది తీసుకోమంటావు?" అని.

ఒక పేరు చెప్పేసి "ఇది కొనేయ్ తమ్ముడూ" అనొచ్చు. అలా చెప్పడం లేదు. ఎందుకంటే మంచి కంపెనీ మల్టీటూల్ అంటే వేలల్లో మాట. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు మొదటి జీతంలోంచి అంత తియ్యడం చిన్న విషయం కాదు. పైగా ఇది పదునున్న వస్తువు. తప్పు పనికి వాడితే డబ్బుతో పోదు, వేలు తెగుతుంది. కరెంటు దగ్గరైతే ప్రాణం మీదికే వస్తుంది. అందుకని ఎలా ఎంచుకోవాలో చెప్తాను, పేరు మీరే తేల్చుకోండి.

నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. అక్కడ రెండు ఫైళ్లు దాదాపు ఒకేలా ఉంటే ఎవరూ మొదటి లైను నుంచి చివరి దాకా చదువుతూ కూర్చోరు. డిఫ్ కొడతారు. ఒకేలా ఉన్న లైన్లు పక్కకి పోతాయి, తేడా ఉన్నవే కళ్ల ముందుకి వస్తాయి. మన చిన్నప్పటి లెక్కల్లో చెప్పాలంటే, రెండు వైపులా ఉన్నదాన్ని కొట్టేయడమే. మల్టీటూల్ కొనేటప్పుడు కూడా అంతే. రివ్యూల్లో "స్టీలు సూపర్, ఫినిషింగ్ సూపర్" అని చెప్తారు. కరెక్టే, కానీ రెండో దాంట్లో కూడా అదే స్టీలు ఉంటే ఆ మాట మీకు ఎందుకూ పనికిరాదు కదా. కొట్టేయండి. మిగిలిన తేడా ఒక్కటే చూడండి. ఆ తేడా మీ జీవితంలో ఏ పనికి వస్తాదో అడగండి. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఇంతే, ఇంక మిగతావన్నీ ఉదాహరణలే.

మొదటి జత. ఇదిగో చూడండి, రెండూ విక్టోరినాక్స్ స్విస్ కత్తులే. ఒకటి స్పార్టన్, ఇంకోటి టింకర్. రెండూ మడిస్తే 91 మిల్లీమీటర్లు. రెండూ 60 గ్రాముల దగ్గర బరువు. రెండింటికీ 12 ఫంక్షన్లు అని రాసుంటుంది. పెద్ద కత్తి, చిన్న కత్తి, టిన్ ఓపెనర్, దాని మొనకి చిన్న స్క్రూడ్రైవర్, బాటిల్ ఓపెనర్, దాని మొనకి పెద్ద స్క్రూడ్రైవర్, వైరు తోలు తీసే గాడి, చెప్పులు కుట్టేవాళ్ల ఆరె లాంటి సూది, తాళాల రింగు, పట్టకారు, పళ్లపుల్ల. లెక్కపెట్టారా? 11 అయ్యాయి. ఈ 11 రెండింట్లోనూ ఉన్నాయి. కొట్టేయండి.

మిగిలిందేటి? స్పార్టన్‌లో కార్క్ స్క్రూ. అంటే వైన్ సీసా బిరడా లాగే మెలికల మేకు. టింకర్‌లో దాని బదులు స్టార్ స్క్రూడ్రైవర్. ఇంతే తేడా! మీరు వారం రోజులు తల పట్టుకున్నది ఈ ఒక్క ముక్క కోసం.

ఇప్పుడు అడగండి. పోయిన నెలలో మీరు వైన్ సీసా బిరడా ఎన్నిసార్లు లాగారు? స్టార్ స్క్రూ ఎన్నిసార్లు విప్పారు? ప్లగ్, ఫ్యాన్ రెగ్యులేటర్, బైక్ నంబర్ ప్లేటు, పిల్లల బొమ్మలో బ్యాటరీ మూత, రిమోట్, మిక్సీ అడుగు, ఎక్కడ చూసినా స్టార్ స్క్రూనే. అయితే మన దగ్గర ఎక్కువమందికి టింకరే.

మరి కార్క్ స్క్రూ అసలెందుకు పెట్టారు? ఇక్కడ కొంచెం చరిత్ర తెలిస్తే మంచిది. స్విట్జర్లాండ్‌లో ఇబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల కార్ఖానా పెట్టాడు. 1891లో స్విస్ సైన్యానికి సైనికుల కత్తి అందించాడు. అందులో కత్తి, టిన్ ఓపెనర్, స్క్రూడ్రైవర్, ఆరె, ఈ నాలుగే. ఎందుకంటే సైనికుడు డబ్బా తెరుచుకుని తినాలి, తుపాకీ విప్పి తుడుచుకోవాలి. తర్వాత 1897లో ఆఫీసర్ల కోసం తేలికైన మోడల్ చేశాడు. చిన్న కత్తి, కార్క్ స్క్రూ అందులో చేరాయి. యూరప్ ఆఫీసర్ భోజనం బల్ల మీద వైన్ సీసా ఉంటాది. మన ఉత్తరాంధ్ర కుర్రాడి బల్ల మీద ఏముంటాది? మంచినీళ్ల బాటిల్, చార్జర్ వైరు.

రెండో కథ అమెరికాది. టిమ్ లెదర్‌మ్యాన్ 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. దగ్గరున్న మడత కత్తితో కొంత పని అయ్యేది, కానీ కారు మొరాయించినప్పుడు, హోటల్లో పైపు కారినప్పుడు కటింగ్ ప్లేయర్ కావాల్సి వచ్చేది. కత్తికి ప్లేయర్ జోడిస్తే ఎలాగుంటాది అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1983లో కంపెనీ మొదలైంది. ఇప్పుడు మనం లెదర్‌మ్యాన్ అంటున్నది అదే.

ఎందుకు చెప్తున్నానంటే, ఆ పిడిలో ఉన్న ప్రతి ముక్కా ఎప్పుడో ఎవరికో వచ్చిన ఇబ్బందికి జవాబు. ఆ ఇబ్బంది మీకూ ఉందా లేదా అన్నదే ప్రశ్న. లేకపోతే అది జేబులో బరువు, బిల్లులో డబ్బు.

ఒక్క మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. కార్క్ స్క్రూ మనకి పూర్తిగా దండగ కాదు. ఆ మెలికల మధ్యలో పట్టే చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి విడిగా దొరుకుతాది. కళ్లజోడు స్క్రూ బిగించడానికి సరిగ్గా సరిపోతాది. బిగుసుకుపోయిన తాడు ముడి విప్పడానికి కూడా ఆ మేకు బాగుంటాది. కాబట్టి మీకు కళ్లజోడు ఉండి, దాని స్క్రూ మాటిమాటికీ వదులవుతుంటే స్పార్టన్ తీసుకోవడానికి కారణం ఉంది. టింకర్ స్టార్‌కి కూడా ఒక లోటు ఉంది. అది వెనక వైపు మధ్యలోంచి తెరుచుకుంటాది, కత్తి టీ అక్షరం ఆకారంలోకి వస్తాది. పట్టు బాగుంటాది గానీ, లోతైన గొట్టంలో ఉన్న స్క్రూని అందుకోలేదు. కొన్ని ప్లగ్గుల్లో స్క్రూ లోపలికి ఉంటుంది కదా, అక్కడ మామూలు స్క్రూడ్రైవరే దిక్కు.

ఈ జతకే ఒక మెట్టు పైన క్లైంబర్, సూపర్ టింకర్ ఉన్నాయి. రెండూ 14 ఫంక్షన్లు. రెండింటికీ కత్తెర, కొక్కెం అదనం. డిఫ్ కొడితే మళ్లీ అదే కార్క్ స్క్రూ, అదే స్టార్! మోడల్ పేరు మారింది, ప్రశ్న మారలేదు. నన్నడిగితే డబ్బులు ఒక మెట్టు ఎక్కువ పెట్టగలిగినప్పుడు ఆ కత్తెర కోసం పెట్టండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

పోయిన నెలంతా ఫోన్ నోట్స్‌లో ఒక లిస్టు పెట్టుకున్నాను. ఏ పనికి ఏ పనిముట్టు కోసం చెయ్యి చాచానో అప్పటికప్పుడు రాసుకున్నా. పాల ప్యాకెట్, కొరియర్ కవరు, చొక్కాకి వేలాడే దారం, మందుల స్ట్రిప్పు, బియ్యం బస్తా కుట్టు, చేతికి వేసే టేపు. అన్నీ కత్తెర పనులే. తర్వాత స్టార్ స్క్రూ. తర్వాత జామకాయ కోసుకోడానికి కత్తి. ఆ తర్వాతే ప్లేయర్. రంపం పని నెల మొత్తంలో ఒక్కటీ రాలేదు. మీ లిస్టు వేరేగా ఉండొచ్చు, ఉండాలి కూడా. కొనే ముందు 15 రోజులు మీరూ రాయండి. డబ్బులు ఖర్చు కాదు, ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటాది.

ఇప్పుడు రాజాం తమ్ముడి అసలు జత. లెదర్‌మ్యాన్ వింగ్‌మ్యాన్, సైడ్‌కిక్. ఇవి ప్లేయర్ ఉన్న రకం. రెండూ 198 గ్రాములు. రెండూ 14 టూల్స్ అని అంటారు. రెండింట్లోనూ వదిలితే వాటంతటవే తెరుచుకునే స్ప్రింగ్ ప్లేయర్లు, వైరు కట్టర్, స్టార్, మైనస్ స్క్రూడ్రైవర్లు, టిన్ ఓపెనర్, బాటిల్ ఓపెనర్, ఆకురాయి. కత్తి పొడవు రెండింటికీ 6.6 సెంటీమీటర్లే. స్టీలు ఒకటే. కొట్టేయండి.

అన్నట్టు, ఆ అంకె గురించి. ప్లేయర్ మొన ఒక టూలు, దాని మధ్య భాగం ఇంకో టూలు, దాని మొదట్లో ఉన్న కట్టర్ మూడో టూలు అని లెక్కేస్తారు. అబద్ధం కాదు, కానీ 14 అంటే 14 వేర్వేరు పనిముట్లు అనుకోకండి. అంకె చూసి కొనొద్దు.

ఇక తేడా. వింగ్‌మ్యాన్‌లో కత్తెర, ప్యాకెట్లు చీల్చే చిన్న కొక్కెం. సైడ్‌కిక్‌లో కత్తెర బదులు రంపం, కొక్కెం బదులు పళ్లున్న చిన్న కత్తి. పెద్ద కత్తి కూడా వింగ్‌మ్యాన్‌లో సగం నున్నగా, సగం పళ్లతో ఉంటాది. సైడ్‌కిక్‌లో పూర్తిగా నున్నగా ఉంటాది. పండ్లు, కూరగాయలు కోసుకునేవాళ్లకి నున్న కత్తి హాయి, ఇంట్లో సానపెట్టుకోవడమూ తేలిక. పళ్లున్న భాగం తాడు, ప్లాస్టిక్ పట్టీ కొయ్యడానికి బాగుంటాది.

కానీ అసలు ప్రశ్న కత్తెరా, రంపమా? ఇక్కడే మనోళ్లు పడిపోతారు. రంపం చూడగానే అడవి, తుపాను, అడ్వెంచర్ గుర్తొస్తాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మన పలాస వైపు తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి చెట్లు ఎలా పడిపోయాయో ఆ ప్రాంతం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. "అలాంటప్పుడు రంపం ఉంటే బాగుండు" అనిపిస్తాది. నిజమే, రంపం కావాలి. కానీ వేలెడంత రంపంతో కొబ్బరి చెట్టు తెగదు. దానికి గొడ్డలి, పెద్ద రంపం, మిషన్ రంపం. మన పల్లెల్లో ప్రతి ఇంట్లో కత్తి, కొడవలి ముందే ఉంటాయి. జేబు రంపం వాటి ముందు నిలబడదు. కరెంటు రోజుల తరబడి లేనప్పుడు జేబులో నిజంగా పనికొచ్చేది చిన్న టార్చి, ఫుల్ చార్జి ఉన్న పవర్ బ్యాంకు. మీ దగ్గర అవి లేకపోతే ముందు అవి కొనండి, మల్టీటూల్ తర్వాత.

మరి సైడ్‌కిక్ ఎవరికి? సీసీ కెమెరాలు, ఇంటర్నెట్ లైన్లు బిగించే పని చేసేవాళ్లకి. పీవీసీ పైపు ముక్క కొయ్యాలి, చెక్క రీపు మూల తియ్యాలి, బొటనవేలంత కొమ్మ అడ్డొస్తే తెంపాలి. వాళ్లకి రంపం రోజూ పనే. పార్వతీపురం, సీతంపేట కొండల వైపు క్యాంపింగ్ తిరిగేవాళ్లకి కూడా సరే. మిగతా కాలేజీ, ఆఫీసు, షాపు, డెలివరీ వాళ్లకి వింగ్‌మ్యాన్. రాజాం తమ్ముడూ, నువ్వు షాపులో కూర్చుని రోజూ పార్సిల్స్ విప్పుతానన్నావు కదా, నీ లిస్టులో రంపం కనిపిస్తే తప్ప నీకు జవాబు వచ్చేసినట్టే.

ఆగండి, ఇంకో ప్రశ్న ముందే అడగాలి. ప్లేయర్ అసలు కావాలా? 198 గ్రాములంటే జేబులో ఇంకో ఫోన్ పెట్టుకున్నట్టే. నైట్ ప్యాంటు జేబులో వేస్తే ప్యాంటు ఒక పక్కకి జారిపోతాది. ఇంకా పెద్ద మోడల్ వేవ్ ప్లస్ అయితే 241 గ్రాములు. దానికి వైరు కట్టర్ ముక్కలు అరిగితే మార్చుకోవచ్చు, అది మంచి తేడా, కానీ రోజూ తీగలు కత్తిరించేవాళ్లకే. ఇంకో చివర విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్డీ ఉంది. 58 మిల్లీమీటర్లు, 20 గ్రాముల పైచిలుకు. చిన్న కత్తి, కత్తెర, గోళ్ల ఆకురాయి. తాళాల గుత్తికి వేస్తే ఉన్నట్టే తెలీదు. బరువని ఇంట్లో వదిలేసిన గొప్ప మల్టీటూల్ కంటే జేబులో ఉన్న చిన్న కత్తెర మేలు.

బైక్ వాళ్లకి ఒక మాట. ప్లేయర్‌తో నట్లు విప్పకండి. జారి నట్టు మూలలు అరిగిపోతాయి, తర్వాత మెకానిక్ కూడా తిట్టుకుంటాడు. బైకుతో వచ్చిన స్పానర్లు సీటు కింద ఉంటాయి, వాటినే వాడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లని చూడండి. ఒకే పనస దుంగని వీణగా తొలుస్తారు. చేసే పనిని బట్టి ఉలి మారుతుంది. ఒక్క ఉలితో అంతా కానిద్దాం అనుకోరు. మల్టీటూల్ ఎప్పుడూ అసలు పనిముట్టు దొరికే దాకా ఆదుకునేదే, దాని స్థానం తీసుకునేది కాదు.

ఇప్పుడు సీరియస్‌గా వినండి. కరెంటు. మల్టీటూల్ పిడి స్టీలు. మన ఇంట్లో వచ్చేది 230 వోల్టులు. దీంతో కరెంటు ఉన్న వైరు కత్తిరించకూడదు, స్విచ్ బోర్డు విప్పకూడదు. విక్టోరినాక్స్‌కి పైన ఎర్ర ప్లాస్టిక్ ఉంది కదా అనుకోవద్దు, పక్కల నుంచి లోహం బయటికే ఉంటాది. అందులో వైరు తోలు తీసే గాడి ఉన్నది సప్లై లేని వైరుకే. కరెంటు పనికి 1000 వోల్టుల మార్కు ఉన్న ఇన్సులేటెడ్ కటింగ్ ప్లేయర్ వేరే ఉంటాది, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాది. అదున్నా సరే ముందు మెయిన్ ఆపాలి, టెస్టర్ పెట్టి చూసుకోవాలి. తుపాను తర్వాత రోడ్డు మీద పడిన తీగ జోలికి ఏ పనిముట్టుతోనూ పోవద్దు. కరెంటు ఆఫీసుకి ఫోన్ చెయ్యండి, అందరినీ దూరంగా ఉంచండి.

రెండో జాగ్రత్త, లాక్. వింగ్‌మ్యాన్, సైడ్‌కిక్‌ల పెద్ద కత్తి తెరిచాక లాక్ అవుతుంది. టింకర్, స్పార్టన్ లాంటి వాటికి లాక్ ఉండదు, స్ప్రింగు బిగువు మీదే నిలబడతాది. కాబట్టి మొనతో గుచ్చి లోపలికి నెట్టే పని చెయ్యొద్దు, మడుచుకుని మీ వేళ్ల మీదికే వస్తాది. కోసేటప్పుడు కత్తి ఎప్పుడూ మీ వైపు కాకుండా అవతలికి వెళ్లాలి.

మూడోది తుప్పు. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి, మనది సముద్రం గాలి. స్టెయిన్‌లెస్ అంటే అస్సలు తుప్పు పట్టదని కాదు, తొందరగా పట్టదని. ఉప్పు నీళ్లు తగిలితే మంచినీళ్లతో కడిగి, అన్నీ తెరిచి ఆరబెట్టి, కీళ్ల దగ్గర ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వెయ్యండి. కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల కంటే చల్లబడితే అది గడ్డకడతాది, మన చలికాలం పొద్దున్న కత్తెర తెరుచుకోదు.

చట్టం సంగతి కూడా చాలామంది అడుగుతారు. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనల్లో కత్తులకి కొలత ఉంది: 9 అంగుళాలకి మించిన పొడవు, లేదా 2 అంగుళాలకి మించిన వెడల్పు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకి చేసినవి దాన్లోంచి మినహాయింపు. మన మల్టీటూల్ కత్తి 3 అంగుళాలు కూడా ఉండదు. అలాగని ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చని కాదు. విమానం ఎక్కితే క్యాబిన్ బ్యాగులో పెట్టకూడదు, చెకిన్ బ్యాగులో వెయ్యాలి. పరీక్ష హాలు, కోర్టు, కలెక్టరేట్ సెక్యూరిటీ దగ్గరికి వెళ్లే రోజు ఇంట్లోనే ఉంచండి. కానిస్టేబుల్ పరీక్షకి వెళ్లి గేటు దగ్గర కత్తి గురించి సంజాయిషీ చెప్పుకోవడం ఎవరికి కావాలి చెప్పండి? పోలీసులు అడిగితే దాచకుండా చూపించి, ఏ పనికో మర్యాదగా చెప్పండి. గొడవల్లో దాన్ని బయటికి తీశారా, అప్పుడది పనిముట్టు కాదు, కేసు.

చివరగా కొనే దగ్గర. మరీ చవగ్గా కనిపిస్తే నకిలీ అని అనుమానించండి. నకిలీలో ముందు పోయేది ప్లేయర్ కీలు, స్టార్ మొన. లెదర్‌మ్యాన్‌కి 25 ఏళ్ల వారంటీ. విక్టోరినాక్స్ కత్తులకి తయారీ లోపాల మీద జీవితకాలం వారంటీ. కానీ మేకు మీద కత్తి పెట్టి సుత్తితో కొడితే ఏ వారంటీ రాదు. బిల్లు ఫొటో తీసి మెయిల్‌లో దాచుకోండి, కాగితం మీద అక్షరాలు ఆరు నెలల్లో చెరిగిపోతాయి.

మొత్తం ఒక్కసారి చెప్పేస్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి. 15 రోజులు మీ పనుల లిస్టు రాయండి. ప్లేయర్ పని వారానికి ఒక్కసారి కూడా రాకపోతే చిన్న స్విస్ కత్తి చాలు. రెండు మోడల్స్ దగ్గర ఆగిపోతే, రెండింట్లో ఉన్నవన్నీ కొట్టేయండి. మిగిలిన ముక్క మీ లిస్టులో ఉంటే ఆ మోడల్ తీసుకోండి. ఏదీ లేకపోతే రెండూ అక్కర్లేదు, ఇంట్లో ఉన్న ఒక కత్తెర, ఒక స్టార్ స్క్రూడ్రైవర్ బ్యాగులో వేసుకోండి. మొదటి జీతంలో ఆ డబ్బులు మిగిలితే అమ్మకి ఏదైనా కొనండి.

వచ్చే ఎపిసోడ్ జేబు టార్చిల మీద. ల్యూమెన్ అంటే ఏటి, ఎంత ఉంటే మనకి చాలు, అది చూద్దాం. ఉంటాను మరి, జాగ్రత్త.